నాలుగో గొంతు

కుతాయిసిలో వారం నుంచీ ఒకటే ముసురు.
పాత టేపుల గదిలో నేనూ, నా డబ్బా కంప్యూటరూ.
దాని పొట్టలో మూడు చిన్న ఫ్యాన్లు,
కొన్ననాటి నుంచీ గొంతు చించుకుంటూనే ఉన్నాయి.

ఎప్పుడో ఎవరో కొండ ఊళ్లు తిరిగి పట్టుకొచ్చిన పాటల్ని
కంప్యూటర్లోకి ఎక్కించడం నా ఉద్యోగం.
ముగ్గురు మగవాళ్లు మూడు దారుల్లో బయల్దేరతారు,
ఎక్కడో ఒక ముడి దగ్గర కలుస్తారు.
ఆ ముడి కింద, ప్రతి పాటలోనూ, నాలుగో గొంతు:
సన్నటి రొద, చెవిలో జోరీగ.
టేపు పాతదైపోయిందనుకున్నాను.
గీకి గీకి దాన్ని తుడిచాను,
రెండేళ్లు,
నూట పది పాటలు.

మొన్న ఒక ఫ్యాను బేరింగు అరిగి
గులకరాళ్లు నమలడం మొదలెట్టింది.
గొడుగేసుకుని బజారుకు పోయాను.
జున్ను అమ్మేవాళ్ల వరస దాటాక, తాళాలు బాగుచేసే అతని పక్కన
మాల్ఖజ్ కొట్టు.
"రంగు దీపాలున్నవి ఇవ్వనా, నానూలీ?"
"కళ్లు మూసుకుని పనిచేసేదాన్ని, దీపాలెందుకు?"
అట్టపెట్టె మీద డెసిబెళ్ల అంకె చూపించాను. నవ్వాడు.
"అది రాసినవాడు దీన్ని ఉత్త గాల్లో వేలాడదీసి కొలిచాడు.
నీ డబ్బాకి ముందు జల్లెడుంది, జల్లెడ నిండా దుమ్ముంది.
అడ్డం తగిలినప్పుడే కదా గాలి అరిచేది.
పెద్దవి తీసుకో, నూట నలభై మిల్లీమీటర్లవి.
చిన్న రెక్క పరిగెత్తి మోసే గాలిని
పెద్ద రెక్క నడుస్తూ మోస్తుంది.
రెండు ముందు, లోపలికి. ఒకటి వెనక, బయటికి.
వచ్చేది పోయేదానికన్నా కాస్త ఎక్కువుంటే
సందుల్లోంచి దుమ్ము దూరదు.
నాలుగు పిన్నులవైతే వేడి చూసుకుని వాటంతటవే తగ్గుతాయి.
ఇవిగో, మరలు వద్దు, రబ్బరు మేకులు.
వీటి వణుకు రేకుకి అంటుకోదు."

ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టి వేలితో తిప్పాను,
పుచ్చకాయ కొనేటప్పుడు మా అమ్మ తట్టి విన్నట్టు.
ఒకటి గరగరమంది. వెనక్కిచ్చేశాను.
మొహం చిట్లించి ఇంకోటి తీశాడు.

రాత్రికి బిగించాను.
చర్చి దగ్గర కొన్న తేనెమైనపు వత్తి వెలిగించి
జల్లెడ ముందు పట్టుకుంటే
ఎడమ ఫ్యానుకేసి మంట వంగింది,
కుడి ఫ్యాను నుంచి పారిపోయింది.
అంచు మీది చిన్న బాణం గుర్తు చూడనేలేదు నేను.
మళ్లీ విప్పి, తిప్పి, బిగించి,
యాభై డిగ్రీలు దాటేదాకా
నిమిషానికి ఆరువందల చుట్లు చాలని చెప్పాను.

కూర్చున్నాను.
ముందు వాన వినిపించింది.
వాన వెనక రియోని నది.
నది ఇంత దగ్గరని ఈ గదిలో నాకెప్పుడూ తెలీదు.

టేపు పెట్టాను, ఎప్పటి హెడ్‌ఫోన్లే,
చెవుల్ని పూర్తిగా మూయని రకం.
ముగ్గురూ బయల్దేరారు. కలిశారు.
ముడి కింద ఏమీ లేదు.

లేదు. ఎప్పుడూ లేదు.
రొద టేపులోది కాదు, గదిలోది,
నా మోకాలి పక్కది.
నేను గీకిందంతా
మంద్రం పాడేవాడి గొంతులోంచే.
రెండేళ్లుగా ఒక మనిషిని
అడుగు నుంచి పలచన చేస్తూ వచ్చాను,
శుభ్రం చేస్తున్నాననుకుంటూ.

ఎవర్నీ తిట్టుకోలేదు. టీ పెట్టుకున్నాను.
అసలు టేపులున్నాయి, చెక్కుచెదరకుండా, బీరువాలో.
ఒకటో నంబరు తీశాను.
కుర్చీ జరిపిన చప్పుడు.
"కిటికీ వెయ్యండ్రా, కోడి" అంటున్నాడెవరో.
ఆ తర్వాత, మిగతా ఇద్దరికన్నా ఒక్క క్షణం ముందు,
మంద్రం పాడేవాడు
ఊపిరి లోపలికి తీసుకున్నాడు.

ఇంకా నూట తొమ్మిది.